నీళ్లకీ మురుగుకీ హద్దు వేరు: తిరుపతికి ఒక ప్రత్యేక బోర్డు ఎందుకు కావాలి

తిరుపతి కార్పొరేషన్ ఎక్కడ ముగుస్తుందో రోడ్డు మీద వెళ్లేవాడికి తెలియదు. ఇళ్లు ఆగవు, అంగళ్లు ఆగవు, కాలువలూ ఆగవు. కానీ కాగితం మీద గీత ఉంది. గీతకి ఇటు ఉన్న అపార్ట్‌మెంటుకి మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లివ్వాలన్నది పట్టణ ప్రమాణం. అటు పంచాయతీలో అంతే ఎత్తు అపార్ట్‌మెంటు ఉంటే దానికి వర్తించేది జల్ జీవన్ మిషన్ లెక్క, 55 లీటర్లు. మిగతా 80 లీటర్లు బోరు నుంచో ట్యాంకరు నుంచో వస్తాయి. వాడిన నీళ్లు ఇటుపక్క భూగర్భ డ్రైనేజీలోకి, అటుపక్క సెప్టిక్ ట్యాంకులోకి, అది నిండితే పక్క ఖాళీ ప్లాటులోకి పోతాయి.

ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. ఒక సేవ ఎంతమేర విస్తరించాలో ఆ హద్దు, దానికి డబ్బు వసూలయ్యే హద్దు, దాని గురించి నిలదీసే ఓటు హద్దు, ఈ మూడూ ఒకే గీత కావాలి. తిరుపతిలో మూడూ మూడు గీతలు. అందుకే నీళ్లకీ మురుగుకీ వాననీటి కాలువలకీ నగరాన్నీ చుట్టుపక్కల పంచాయతీలనీ కలుపుతూ, సొంత రాబడీ సొంత ఎన్నికైన సభ్యులూ ఉన్న ప్రత్యేక బోర్డు పెట్టాలి. అప్పుల విషయంలో దాని చేతులు కట్టేసి మరీ పెట్టాలి.

ముందు ఇప్పుడు ఎవరి చేతిలో ఏముందో చూద్దాం. కొండమీద టీటీడీ. తిరుమలలో వార్డు మెంబరు ఉండడు, సర్పంచి ఉండడు. గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార డ్యాముల నీళ్లు, పారిశుధ్యం, రోడ్లు, దీపాలు అన్నీ దేవస్థానమే చూసుకుంటుంది, దాని డబ్బుతోనే. కొండ కింద 1886లో మున్సిపాలిటీగా మొదలై 2007లో కార్పొరేషన్ అయిన నగరం. దాని చుట్టూ తిరుచానూరు, అవిలాల, పేరూరు లాంటి పంచాయతీలు, గ్రేటర్ తిరుపతి మాట వచ్చినప్పుడల్లా వినిపించే పేర్లు. ఈ మొత్తం మీద ప్రణాళికా, లేఅవుట్ల అనుమతులూ తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే తుడావి. ఇవి చాలవన్నట్టు స్మార్ట్ సిటీ మిషన్ కింద పెట్టిన కంపెనీ ఒకటి, రాష్ట్రానికీ కార్పొరేషన్‌కీ చెరిసగం వాటాతో. 2016 సెప్టెంబరు జాబితాలో తిరుపతి ఎంపికైంది. ఆ మిషన్ 2025 మార్చితో ముగిసింది. కట్టినవాటి నిర్వహణ మాత్రం ముగిసేది కాదు.

వీటిలో డబ్బు దారి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. ఊరి అంచున ఒక వెంచర్ వేస్తారు. అనుమతికి తుడాకి డెవలప్‌మెంట్ చార్జీలు కడతారు. పది శాతం స్థలం పార్కుకని వదిలి, రోడ్లతో పాటు స్థానిక సంస్థకి రాసిస్తారు. వసతులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖా ఉంటాయి. అనుమతి లేని లేఅవుట్ అయితే తర్వాత క్రమబద్ధీకరణలో ఖాళీ స్థలం కింద ప్లాటు విలువలో కొంత శాతం లెక్కకడతారు. ప్లాటు చేతులు మారిన ప్రతిసారీ రిజిస్ట్రేషన్‌లో 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థల వాటా. 20 లక్షల ప్లాటుకి 30 వేలు. అంటే భూమి అమ్ముడుపోయేటప్పుడు డబ్బు బాగానే పుడుతుంది. కానీ అది ఒక్కసారి పుట్టే డబ్బు. పైగా పుట్టిన చోట పైపు వేయాల్సినవాడు వేరు. తుడా రోడ్డు వేస్తుంది, పార్కు కడుతుంది. ఇరవై ఏళ్లపాటు ప్రతి ఉదయం మోటారు వేయాల్సింది పంచాయతీ. ఆ పంచాయతీకి ఇంటిపన్నూ, ఆర్థిక సంఘం నిధులూ తప్ప పెద్ద దిక్కు లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన దాంట్లో 60 శాతం నీళ్లకీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. మంచిదే. కానీ ఒక్కో పంచాయతీకి విడివిడిగా వచ్చే ఆ మొత్తాలతో నాలుగు ఊళ్ల మురుగుని కలిపి శుద్ధిచేసే ప్లాంటు ఎవరూ కట్టలేరు.

నగరం లోపల ఆస్తిపన్ను 2021 నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ మీదకి మారింది. నివాసాలకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. ఏడాదికి పెరుగుదల 15 శాతం దాటకూడదన్న పట్టు ఉంది. పన్ను వస్తుంది, సాధారణ ఖాతాలో పడుతుంది, జీతాలకీ చెత్తకీ దీపాలకీ పోతుంది. నీళ్ల కోసం కట్టినది నీళ్లకే పోయిందా అని అడిగితే చూపించడానికి వేరే పుస్తకం ఉండదు. నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనబడేది ఇదే.

మన దగ్గరే చిన్న మినహాయింపు ఒకటి ఉంది. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో 'ఐలా' అనే స్థానిక సంస్థ ఉంటుంది. అక్కడి ఆస్తిపన్ను అదే వసూలు చేసుకుని 35 శాతం సంబంధిత పంచాయతీకో మున్సిపాలిటీకో ఇస్తుంది. మిగిలినది ఆ వాడ రోడ్లకీ దీపాలకీ కాలువలకీ ఖర్చు పెడుతుంది. ఫ్యాక్టరీలకి ఈ ఏర్పాటు సబబని 1990ల్లోనే ఒప్పుకున్నాం. మనుషులు కాపురముండే కాలనీలకి ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

బయటి దేశాల్లో ఇలాంటివి కొత్త కాదు. షికాగోలో 1889లోనే మురుగు కోసం విడిగా శానిటరీ డిస్ట్రిక్ట్ పెట్టారు. నగరం మురుగు నదిలోకీ, నది మిషిగన్ సరస్సులోకీ, సరస్సు నీళ్లు మళ్లీ కొళాయిలోకీ వచ్చేవి. నగరపాలక సంస్థ హద్దులో దానికి పరిష్కారం లేదు. కొత్త సంస్థ కాలువ తవ్వి 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పింది. ఇవాళ అమెరికాలో ఒకటో రెండో పనుల కోసమే ఉన్న ఇలాంటి ప్రత్యేక ప్రభుత్వాలు 39 వేలకి పైనే ఉన్నాయి. నీళ్లకి, మంటలార్పడానికి, దోమలకి, గ్రంథాలయాలకి కూడా. వాటి రాబడి నాలుగు రకాలు: ఆస్తిపన్ను మీద చిన్న వడ్డన, వాడకం చార్జీ, ఒక పని వల్ల లాభపడే స్థలాల మీద ఒకసారి వేసే అంచనా పన్ను, వీటిని చూపించి తెచ్చే బాండ్ల అప్పు.

మనం శ్రద్ధగా చదవాల్సింది కొలరాడో రాష్ట్రపు మెట్రోపాలిటన్ డిస్ట్రిక్టుల కథ. పద్ధతి చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఖాళీ భూమిలో కొత్త కాలనీ రావాలి. నగరం తన డబ్బు పెట్టనంటుంది. బిల్డరు ఒక సర్వీస్ ప్లాన్ రాసి నగరం చేతో కౌంటీ చేతో ఆమోదం పొందుతాడు. కనీసం రెండు సేవలు అందించే డిస్ట్రిక్టు ఏర్పడుతుంది. అయిదుగురో ఏడుగురో డైరెక్టర్లు. అది బాండ్లు అమ్మి రోడ్లూ పైపులూ వేస్తుంది. తర్వాత వచ్చి ఇళ్లు కొన్నవాళ్ల ఆస్తిపన్నులోంచి అప్పు తీరుతుంది. పన్ను మిల్లుల్లో లెక్క, మిల్లు అంటే వెయ్యి డాలర్ల పన్ను విలువకి ఒక డాలరు. 2020లో పన్ను విలువంటే ఇంటి ధరలో 7.15 శాతం, ఆ లెక్కన 5 లక్షల డాలర్ల ఇంటికి అది 35,750 డాలర్లు. దాని మీద 50 మిల్లులు వేస్తే ఏడాదికి 1,787 డాలర్లు, ఈ ఒక్క డిస్ట్రిక్టుకే.

ఎక్కడ చెడింది? మొదటి రోజున ఆ భూమిలో కాపురముండే ఓటరే లేడు. అక్కడి చట్టం స్థలం ఉన్నవాళ్లకి కూడా ఓటిస్తుంది కాబట్టి బిల్డరు తన మనుషులకి చిన్న చిన్న ముక్కలు కొనే ఒప్పందాలు రాసిచ్చి వాళ్లని డైరెక్టర్లుగా కూర్చోబెడతాడు. ఆ నలుగురైదుగురే రాబోయే దశాబ్దాలకి సరిపడా అప్పుకి ఎన్నికలో ఆమోదం వేసేస్తారు. తర్వాత డిస్ట్రిక్టు బిల్డరుకే బాండ్లు అమ్ముతుంది. వడ్డీ ఎక్కువ, కట్టలేకపోతే అసలుకి కలిసిపోతుంది. ఇల్లు కొన్నవాడికి ఇదంతా పన్ను నోటీసు వచ్చాక తెలుస్తుంది. అన్ని డిస్ట్రిక్టులూ ఇలా లేవు, బాగా నడిచేవీ ఉన్నాయి. కానీ ఓటరు రాకముందే అప్పు చేసే వీలున్నచోట ఎవరో ఒకరు ఆ వీలు వాడుకుంటారు. వెంచర్ల ఊరైన తిరుపతిలో వాడుకోరని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

దగ్గరి ఉదాహరణలు ఇంకో వైపు లోపం చూపిస్తాయి. చెన్నై మెట్రోవాటర్ 1978 చట్టంతో వచ్చింది. ఆస్తి వార్షిక విలువలో 7 శాతం నీటి, మురుగు పన్నుగా విడిగా వసూలు చేసుకునే అధికారం దానికి ఉంది. సొంత పన్నున్న నీళ్ల బోర్డు మన దేశంలో కుదరదన్నవాళ్లకి అదే జవాబు. హైదరాబాదు జలమండలి 1989లో వచ్చింది. బిల్లు వేరే, ఖాతా వేరే, నైపుణ్యం ఉన్న ఇంజనీర్లు వేరే. కానీ రెండింటి మీదా ఓటరుకి నేరుగా పట్టులేదు. బోర్డుల్లో ప్రభుత్వం నియమించినవాళ్లే. నీళ్లు రాకపోతే కార్పొరేటరుని తిడతాం, ఆయన బోర్డుకి ఉత్తరం రాస్తాడు. తుడాదీ అదే తీరు. దాని చైర్మన్ పదవి నామినేటెడ్, ప్రభుత్వం మారితే మనిషి మారతాడు. తుడాకే ఈ పని అప్పగిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లకి నా అభ్యంతరం ఇదే. ఇంకొకటి కూడా: లేఅవుట్లకి అనుమతిచ్చి చార్జీలు తీసుకునే సంస్థే ఆ లేఅవుట్లకి నీళ్లు చాలవని చెప్పాల్సి వస్తే చెప్పదు.

రాజ్యాంగం ఇచ్చిన దారి ఉందా అంటే, సగమే ఉంది. 74వ సవరణ మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ గురించి చెప్పింది, అందులో మూడింట రెండొంతుల మంది ఎన్నికైనవాళ్లు ఉండాలంది. కానీ అది పది లక్షల జనాభా దాటిన ప్రాంతానికి. 2011 లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు, చుట్టుపక్కల కలిపినా 5 లక్షల లోపు. జిల్లా ప్రణాళికా కమిటీ వర్తిస్తుంది, అందులో అయిదింట నాలుగొంతుల మంది ఎన్నికైనవాళ్లే. అయితే రెండూ ప్రణాళికలు రాసే కమిటీలు, పైపు వేసేవి కావు. కాబట్టి రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టం చేయాల్సిందే. ఎన్నికైనవాళ్ల వాటా మాత్రం ఈ అధికరణాల నుంచే తీసుకోవచ్చు.

ఇక బోర్డు హద్దు ఎలా గీయాలి? కొండవాలుని బట్టి గీయాలి. శేషాచలం మీద పడిన వాన కపిలతీర్థం, మాల్వాడిగుండం మీదుగా ఊళ్లోకి దిగి, చెరువులూ గుంటలూ కాలువలూ దాటి స్వర్ణముఖిలో కలుస్తుంది. 2021 నవంబరులో ఆ దారులన్నీ ఒకేసారి తమ వెడల్పు అడిగాయి. నగరంలో కాలనీలు మునిగాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున కట్టడాలు కూలాయి, రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని పల్లెలు ఖాళీ చేయించారు. ఎగువన కాలువ ఆక్రమణ ఒకరి పరిధి, దిగువన మునిగే ఇల్లు ఇంకొకరి పరిధి అయితే కాలువ వెడల్పు కొలిచేవాడే ఉండడు. మురుగుకీ ఇదే లెక్క. నగరం మురుగు తూకివాకం పోతుంది, అంటే రేణిగుంట మండలానికి. ఆ ఊరివాళ్లకి నగర కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు లేదు. దుర్వాసన మాత్రం వాళ్లదే. వాళ్లని బోర్డు హద్దులోకి తేవడం నా దృష్టిలో కనీస న్యాయం.

మురుగు పైపుల సంగతి తెలిసినవాళ్లకి హద్దు ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. పైపులో నీరు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో కదలాలి, లేకపోతే ఇసుకా మడ్డీ అడుగున పేరుకుంటాయి. ఆ వేగం వాలు నుంచి వస్తుంది, పారే పరిమాణం నుంచి వస్తుంది. మధ్యలో ఒక పంచాయతీ పథకంలో లేదంటే లైను చుట్టూ తిరగాలి, వాలు పోతుంది, మురుగుని పైకి తోడే లిఫ్ట్ స్టేషను కట్టాలి. లైను వేసి ఇళ్లకి కనెక్షన్లు ఇవ్వకపోతే పారే పరిమాణం చాలక మడ్డి గట్టిపడుతుంది. వీధి కుండీ దాకా పైపొచ్చినా, గేటులోపల తవ్వి కలుపుకునే ఖర్చు తనది కాదని ఇంటాయన ఆగిపోతాడు. అందుకే బోర్డు ఇంటి కనెక్షను కూడా తానే వేసి, ఖర్చు నెలబిల్లులో వాయిదాలుగా తీసుకోవాలి. ఇంకో తప్పు, డాబా మీద వాననీళ్ల గొట్టాన్ని మురుగు చాంబర్లోకి వదలడం. నాలుగు చినుకులకే మ్యాన్‌హోలు మూతలు లేవడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

డబ్బు లెక్క కొద్దిగా వేసి చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు, పద్ధతి తెలియడానికి. లక్షమందికి 135 లీటర్ల చొప్పున రోజుకి 1.35 కోట్ల లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్క, అంటే 1.08 కోట్ల లీటర్ల శుద్ధి. ఇచ్చే 1.35 కోట్ల లీటర్లని మొత్తం 100 మీటర్ల ఎత్తుకి తోడాలనుకుంటే, పంపు సామర్థ్యం 65 శాతమైతే వెయ్యి లీటర్లకి 0.42 యూనిట్ల కరెంటు. రోజుకి 5,670 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే ఏడాదికి సుమారు 1.45 కోట్లు, ఇది కరెంటు ఒక్కటే. కళ్యాణి డ్యాము ఎండిన ఏడు తెలుగుగంగ నీళ్లే దిక్కు, అప్పుడు ఈ పద్దు ఇంకా లేస్తుంది.

పెట్టుబడికి 100 కోట్ల అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుందాం. ఏటా కట్టాల్సింది దాదాపు 10.19 కోట్లు. 50 వేల కనెక్షన్లు ఉంటే ఇంటికి నెలకి 170 రూపాయలు. ప్లాట్లు అమ్ముడైనా ఇళ్లు లేవక 30 వేల దగ్గరే ఆగిపోతే 283. కొలరాడోలో కొంపలు ముంచింది సరిగ్గా ఈ తేడానే. అందుకని చట్టంలోనే రాయాలి: అప్పు అంచనా ఈరోజున్న కనెక్షన్ల మీదే వేయాలి, రాబోయే ఇళ్ల మీద కాదు. బిల్డరు దగ్గరా అతని సంస్థల దగ్గరా బోర్డు అప్పు తీసుకోకూడదు. ఏడాది వాయిదాలు సొంత రాబడిలో నాలుగో వంతు దాటకూడదు. ఒక ఏడాది వాయిదా ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఓటు ఆ ఊరి ఓటరు జాబితాలో ఉన్నవాళ్లదే, అద్దెకున్నవాళ్లతో సహా. ప్లాటు ఇక్కడ, కాపురం చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకి పన్ను ఉండాలి, ఓటు వద్దు.

రాబడి మూడు చోట్ల నుంచి రావాలి. నీళ్లకీ మురుగుకీ మీటరు బిల్లు. వాననీటి కాలువకి మీటరు పెట్టలేం కాబట్టి నీరు ఇంకని చోటు, అంటే డాబా, కాంక్రీటు, తారు ఎన్ని గజాలుంటే అంత చార్జీ. పెద్ద పార్కింగ్ ఉన్న హోటలూ కల్యాణమండపమూ ఎక్కువ కడతాయి, పెరడున్న ఇల్లు తక్కువ కడుతుంది. మూడోది, లేఅవుట్ అనుమతప్పుడు తుడా తీసుకునే చార్జీల్లో నీటికీ మురుగుకీ చెందిన భాగం. ఏడు రోజుల్లో బోర్డు ఖాతాకి నేరుగా చేరాలి. ఇంత మురుగు అదనంగా మోయగలమని బోర్డు రాసిచ్చాకే లేఅవుట్‌కి అనుమతి ఇవ్వాలి.

యాత్రికుల మాట తప్పదు. రోజూ అరవై, డెబ్బై వేలమంది దర్శనానికి వస్తారు, వాళ్లలో చాలామంది కింద ఊళ్లో స్నానం చేసి, తిని, పడుకుంటారు. రైలు ప్రయాణికుల మీద టెర్మినల్ పన్ను కేంద్ర జాబితాలోది, లగ్జరీ పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. స్థానిక సంస్థ చేతిలో మిగిలింది తక్కువ. అందుకే అందరి చూపూ దేవస్థానం మీద పడుతుంది. ఊళ్లోని ఫ్లైఓవర్ శ్రీనివాస సేతుకి అయిన 684 కోట్లలో 67 శాతం టీటీడీదే. 2023లో బడ్జెట్‌లో ఒక శాతం నగరానికి ఇవ్వాలని పాలకమండలి అనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు, వివాదం హైకోర్టు దాకా పోయింది. భక్తుడు హుండీలో వేసింది ఊరి కాలువకి కాదన్న వాదనలో బలముంది, దాన్ని గౌరవించాలి. కానీ విష్ణు నివాసం, శ్రీనివాసం లాంటి వసతి గృహాల్లో వాడే నీళ్లకీ వదిలే మురుగుకీ మీటరు ప్రకారం బిల్లు కట్టడం దానం కాదు, వాడకానికి వెల. వెల అయితే కోర్టు గొడవ తగ్గుతుంది, ఏటా వస్తుంది, పాలకమండలి మారినా ఆగదు. పంపు హౌసు కరెంటు బిల్లు తీర్మానాల మీద కట్టలేం.

పంచాయతీలన్నిటినీ నగరంలో కలిపేస్తే పోలేదా? కలిపితే హద్దు సమస్య కొంత తీరుతుంది. కానీ కలిసిన మరుసటి ఏడాది ఆస్తిపన్ను పట్టణ లెక్కకి వస్తుంది, పైపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఉపాధి హామీ పనులు పోతాయన్న కూలీల భయం నిజమైనది. విలీనం జరిగినా ఊరు పదేళ్లలో మళ్లీ ఆ గీత దాటుతుంది. నీళ్ల బోర్డు హద్దు జరపాలంటే మాత్రం రెండు పంచాయతీల తీర్మానాలూ ఒక నోటిఫికేషనూ చాలు. సర్పంచి సర్పంచిగానే ఉంటాడు, వీధి దీపమూ ఇంటిపన్నూ ఊరివే.

చిత్తూరుకి ఇదే నమూనా అచ్చంగా సరిపోదు. అక్కడ ముందు నీటి వనరే చాలదు, ఎండాకాలం ట్యాంకర్ల మీద నడిచే ఊళ్లో మీటరు పెడితే అది గాలికే తిరుగుతుంది. అక్కడ బోర్డు మొదటి పని ట్యాంకర్ల లెక్కా బోర్ల లెక్కా.

తిరుపతిలో మొదలుపెట్టాల్సింది చట్టం ముసాయిదా నుంచి కూడా కాదు. ఆస్తుల జాబితా నుంచి. ఏ వీధి కింద ఎన్ని మిల్లీమీటర్ల పైపు ఉంది, ఏ సంవత్సరంలో వేశారు, ఏ పథకం కింద, దాని మీద ఇంకా తీరాల్సిన అప్పెంత, మోటారు ఎవరి పేరు మీటరు మీద నడుస్తోంది. కార్పొరేషన్, తుడా, స్మార్ట్ సిటీ కంపెనీ, పంచాయతీలు, టీటీడీ ఎవరికివారు తమ దగ్గరున్నది రాసి ఒక పటం మీద పెట్టాలి. రెండు సంస్థలు తమదేనన్న పైపులూ, ఎవరూ తమది కాదన్న పైపులూ అప్పుడు బయటపడతాయి. ఈ రెండో రకాన్నే బోర్డు మొదటి ఏడాది చేపట్టాలి, ఎందుకంటే ప్రతి వర్షాకాలం పొంగేవి అవే.